మౌస్ కీబోర్డులోనే ఉందని చేయి విరిగాక తెలిసింది

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కంప్యూటర్ చిట్కాల శీర్షికను ఏళ్ల తరబడి వదలకుండా చదువుతున్నాను. పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలి, ఫోన్ వేడెక్కితే ఏం చేయాలి, ఫొటోలు ఎక్కడ దాచుకోవాలి, అన్నీ వచ్చాయి. మౌస్ ముట్టుకోకుండా తెర మీద బాణాన్ని కదిలించవచ్చనీ, క్లిక్ కూడా కొట్టవచ్చనీ మాత్రం ఒక్కసారీ రాలేదు. తప్పంతా మీదే అనను. పాతికేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు రాస్తున్న నాకే తెలియదు. కుడిచేయి విరిగితే గానీ తెలిసిరాలేదు.

మెట్లు దిగుతూ కాలు జారి, పడబోతూ అరచేయి ఆనించాను. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. వేళ్ల మొదళ్ల నుంచి మోచేతి కింది దాకా సిమెంటు కట్టు వేశారు, ఆరు వారాలు ఉంచాలన్నారు. "వేళ్లు మాత్రం ఆడిస్తూ ఉండండమ్మా, లేకపోతే బిగుసుకుపోతాయి" అని డాక్టర్ గారు మరీ మరీ చెప్పారు. వేళ్ల కొసలు బయటే ఉన్నాయి, మీటలు నొక్కగలవు. మౌస్‌ను మాత్రం పట్టుకోలేవు. ఆ కట్టుతో మౌస్ మీద చేయి వేయడమంటే రోకలితో సూది ఎత్తడమే.

ఆఫీసులో లెక్కలు ముగించాల్సిన రోజులు, సెలవు అడగడానికి మొహం చెల్లలేదు. ఎడమచేత్తో మౌస్ పట్టాను. ఎడమచేతివాటం వాళ్లు ఎలా పనిచేస్తారో గానీ, నా చేతిలో బాణం తాగినవాడి నడక నడిచింది. సేవ్ నొక్కబోతే పక్కనున్న డిలీట్ మీద పడేది. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే కుర్రాడిని అడిగితే, "ఇంకో మౌస్ తెప్పించమంటారా మేడమ్?" అన్నాడు. చేయి లేదు మొర్రో అంటే ఇంకో మౌస్ ఎందుకు నాయనా!

చివరికి దారి చూపించింది మా దగ్గర ఎప్పుడో రిటైరైన పెద్దాయన. పరామర్శకి ఫోన్ చేసి, సంగతంతా విని నవ్వారు. "అమ్మాయ్, నీ కీబోర్డుకి కుడివైపున నంబర్ ప్యాడ్ అని పదిహేడు మీటలున్నాయి. అవి అంకెలు కొట్టడానికే అనుకుంటున్నావా? ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్ పట్టుకుని నమ్ లాక్ నొక్కు" అన్నారు. నొక్కాను. చిన్న శబ్దం వచ్చింది, మౌస్ కీస్ ఆన్ చేయమంటారా అని ఒక పెట్టె అడిగింది. ఎంటర్ కొట్టాను. "ఇప్పుడు 8 నొక్కి పట్టుకో" అన్నారు. బాణం పైకి పాకింది. మౌస్ ఎక్కడో పక్కన వెల్లకిలా పడి ఉంది, బాణం మాత్రం పైకి పోతోంది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను.

విండోస్‌లో వాడకం ఇలా ఉంటుంది. 5ని నడిమధ్య పెట్టుకుంటే 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకి, 6 కుడికి. మూలల్లో ఉన్న 7, 9, 1, 3 ఐమూలగా నడుస్తాయి. 5 నొక్కితే క్లిక్. ప్లస్ నొక్కితే డబుల్ క్లిక్. 5 మీద చిన్న బొడిపె ఉంటుంది, చూడకుండా అంకెలు కొట్టే మాలాంటి వాళ్ల మధ్యవేలికి అది ఇంటి గుమ్మం లాంటిది. అందుకే నాకు వేళ్లకి కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేకపోయింది. అవే వేళ్లు, అవే మీటలు. నిన్నటిదాకా అంకెలు పడేవి, ఇవాళ బాణం నడుస్తోంది.

మొదట్లో మాత్రం నత్తనడక. తెర ఈ చివర నుంచి ఆ చివరికి పోయేలోపు విసుగొచ్చేది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి మౌస్ కీస్ వేగం, అది పుంజుకునే తీరు పెంచుకున్నాక దారిలో పడింది. విండోస్ కీతో పాటు యు నొక్కితే ఆ సెట్టింగ్స్ నేరుగా తెరుచుకుంటాయి, వెతుక్కోనక్కర్లేదు. అక్కడే ఇంకో సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేసుకుంటే, కంట్రోల్ పట్టుకుని నడిపినప్పుడు బాణం పరుగెడుతుంది, షిఫ్ట్ పట్టుకుంటే పిసరు పిసరుగా జరుగుతుంది. బాగున్న నా ఎడమచేయి కంట్రోల్, షిఫ్ట్ చూసుకునేది. కట్టులోంచి బయటికొచ్చిన కుడి వేళ్లు అంకెల మీద ఆడేవి. డాక్టర్ గారు చెప్పిన వ్యాయామం అలా ఆఫీసు పనిలోనే అయిపోయింది.

పట్టుకుని లాగే పని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక నిలువు వరుస వెడల్పు పెంచాలనుకోండి. పైన రెండు అక్షరాల మధ్య వెంట్రుకంత గీత ఉంటుంది, సరిగ్గా దాని మీద బాణం నిలబెట్టాలి. మంచి చేయి ఉన్న రోజుల్లో కూడా నేను ఆ గీత దాటిపోయేదాన్ని, మళ్లీ వెనక్కి వచ్చేదాన్ని. ఇప్పుడు కంట్రోల్ పట్టుకుని గీత దగ్గరిదాకా పరుగెత్తిస్తాను, అక్కడ షిఫ్ట్ పట్టుకుని 6 మీద టక్, టక్ అని రెండు మూడు దెబ్బలు. బాణం రూపు మారి రెండు వైపులా చూసే గుర్తు అవుతుంది. వేలు తీసేస్తే అక్కడే నిలబడుతుంది, వణకదు, జారదు. ఇప్పుడు 0 నొక్కితే మౌస్ మీట పట్టుకున్నట్టు లెక్క. 6 నొక్కుతూ పోతే వరుస వెడల్పవుతుంది. చాలు అనుకున్నప్పుడు చుక్క మీట నొక్కితే వదిలేస్తుంది. ఇంతే. దూరం నడవడానికి మౌసే మేలు, ఒప్పుకుంటాను. గీత మీద గీత పెట్టాల్సిన చోట మాత్రం నంబర్ ప్యాడ్ ముందు ఏ మౌసూ నిలవదు. కట్టు విప్పి మూడు నెలలైంది, ఇప్పటికీ ఈ ఒక్క పనికి నేను మౌస్ పట్టను.

పడ్డ పాట్లు చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఒకరోజు ఎక్కడ 5 నొక్కినా కుడి క్లిక్ మెనూలే వస్తున్నాయి. కంప్యూటర్ పాడైందనుకుని రెండుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేశాను. తీరా చూస్తే, మౌస్ కీస్ నడుస్తున్నప్పుడు మైనస్ నొక్కితే 5 కుడి క్లిక్‌గా మారిపోతుంది, అలాగే ఉండిపోతుంది. భాగహారం గుర్తు నొక్కితేనే మళ్లీ మామూలు క్లిక్‌కి వస్తుంది. నక్షత్రం గుర్తు నొక్కితే రెండు మీటలూ కలిపి నొక్కినట్టు. లెక్కలు రాసేవాళ్లకి మైనస్ అలవాటు మీద పడిపోతుంది కదా, ఆ రోజు అదే జరిగింది. ఇంకోసారి 0 నొక్కి చుక్క నొక్కడం మరిచాను. బాణంతో పాటు ఒక ఫోల్డర్ కూడా బయల్దేరి ఇంకో ఫోల్డర్‌లో దూరిపోయింది. నెల జీతాల ఫోల్డర్! గుండె గుభేలుమంది. కంట్రోల్ జెడ్ నొక్కితే వెనక్కి వచ్చింది గానీ ఆ టెన్షన్ సాయంత్రం దాకా దిగలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు అంకెలతోనే. 4862 అని కొడదామనుకుంటే అంకెలు పడవు, బాణం ఎడమకీ పైకీ కుడికీ కిందికీ ప్రదక్షిణ చేస్తుంది. మధ్యలో 5 ఉంటే ఎక్కడో క్లిక్ కూడా అవుతుంది. రోజంతా అంకెలతో పని ఉన్నవాళ్లకి ఇది కుదరదు కదా అనిపించి వదిలేయబోయాను. దీనికీ మందు ఉంది. నమ్ లాక్ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే మౌస్ కీస్ పనిచేయాలి అని ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని తీసేయాలి. అప్పుడు నమ్ లాక్ దీపం వెలుగుతుంటే అంకెలు, ఆరితే బాణం. ఒక్క మీటతో అటూ ఇటూ. ఈ ఒక్క ముక్క మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే నాకు వారం రోజులు కలిసొచ్చేవి.

మౌస్ కీస్ ఒక్కటే చాలనీ నేను అనడం లేదు. నిజానికి అది ఆఖరి ఆయుధం. ట్యాబ్‌తో ముందుకి, షిఫ్ట్ ట్యాబ్‌తో వెనక్కి, స్పేస్‌తో టిక్కు, ఆల్ట్ ట్యాబ్‌తో ఒక కిటికీ నుంచి ఇంకోదానికి, షిఫ్ట్ ఎఫ్10తో కుడి క్లిక్ మెనూ. రోజులో చాలా పని వీటితోనే జరిగిపోతుంది. వీటికి అందని చోటికి బాణాన్ని పంపడానికే నంబర్ ప్యాడ్.

కట్టుతో ఇంట్లో కూర్చున్న ఆదివారాల్లో దీని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చదివాను. మౌస్‌ను కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని జనం ముందు చూపించింది 1968 డిసెంబర్ 9న. ఆయన కుడిచేతిలో మౌస్ ఉంటే, ఎడమచేతి కింద ఐదు మీటల చిన్న పలక ఒకటి ఉండేది. రెండు చేతులకీ పని పెట్టిన మనిషి. 1984లో ఆపిల్ వాళ్లు తెచ్చిన మొదటి మెకింతోష్ కంప్యూటర్‌కి వచ్చేసరికి కీబోర్డు మీద బాణపు మీటలే పెట్టలేదు, జనం మౌస్‌కి అలవాటు పడాలని. అదే ఆపిల్ వాళ్లు 80ల చివరికల్లా ఈజీ యాక్సెస్ అని పెట్టి, అంకెల మీటలతో బాణం నడిపే ఏర్పాటు చేశారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ట్రేస్ సెంటర్ అని ఉండేది. చేతులు సరిగా సహకరించని వాళ్ల కోసం ఇలాంటి సదుపాయాలు తయారుచేసింది వాళ్లు. విండోస్ 95 వచ్చేసరికి అవి విండోస్‌లోనే కలిసిపోయాయి. అంటే నేను ఉద్యోగంలో చేరిన రోజున నా ముందున్న కంప్యూటర్‌లో కూడా ఇది ఉంది. మా ముందు నుంచి ఎన్ని కంప్యూటర్లు వచ్చి పోయాయో, అన్నిటిలోనూ ఉంది. నాకు కంప్యూటర్ నేర్పిన ఇన్‌స్టిట్యూట్‌లో మౌస్ ఎలా పట్టుకోవాలో ఒక పూట చెప్పారు, ఇది మాత్రం చెప్పలేదు.

దీని తోబుట్టువు ఒకటి మీ అందరికీ తెలుసు. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ కావాలా అని పెట్టె వస్తుంది. పిల్లలు ఆట మధ్యలో అది వస్తే తిట్టుకుంటూ వద్దని కొట్టేస్తారు. నేనూ అలాగే కొట్టేసేదాన్ని. ఒక్క చేత్తో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ నొక్కాల్సిన పరిస్థితి వస్తే ఆ పెట్టె విలువేంటో తెలుస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా చాలు, కలిపి నొక్కినట్టే తీసుకుంటుంది.

ఇక నా ఫిర్యాదు. కట్టు ఉండగానే ఒక వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. ఏ సంస్థదో రాయను, ఇలాంటివి చాలానే ఉన్నాయి. పేరు, చిరునామా ట్యాబ్‌తో దాటాను. పుట్టినతేదీ దగ్గర ట్యాబ్ ఎక్కడుందో కనబడదు, గడి చుట్టూ గీత లేదు, రంగు మారదు. చీకట్లో తడుముకున్నట్టే. అదీ దాటాను. చివర్లో మీరు మనిషేనా అని అడిగే పరీక్ష. ఒక ముక్కను పట్టుకుని బొమ్మలోని ఖాళీలో అమర్చాలి. 0 నొక్కాను, 6 పట్టుకున్నాను, ముక్క చక్కగా జరిగి ఖాళీలో కూర్చుంది, చుక్క నొక్కాను. కాదంది. మళ్లీ చేశాను. కాదంది. మూడోసారి ఇంకా జాగ్రత్తగా, అంచుకి అంచు తగిలేలా పెట్టాను. అదీ కాదంది, కాసేపాగి రమ్మంది. నా ముక్క మరీ తిన్నగా ప్రయాణం చేయడమే తప్పయిందేమో! చేయి వణికి, వంకర పోతేనే మనిషి అనుకుంటుందేమో! చివరికి పక్కింటి పిల్లని పిలిచి మౌస్‌తో లాగించాను. నా దరఖాస్తుకి మనిషినని సాక్ష్యం ఇచ్చింది ఆరో క్లాసు పిల్ల.

ఇది నాకొక్కదానికి వచ్చిన గొడవ కాదు, దీనికి ఎప్పుడో రాసిపెట్టిన సూత్రాలున్నాయి. వెబ్‌కి ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2008లో తెచ్చిన రెండో విడత మార్గదర్శకాల్లోనే, వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి పనీ కీబోర్డుతో చేయగలగాలని అన్నిటికన్నా కింది మెట్టులో, అంటే కనీస అవసరంగా పెట్టారు. ట్యాబ్ ఎక్కడుందో కంటికి కనబడాలని కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. 2023లో వచ్చిన 2.2 విడతలో కొత్తగా చేర్చినవాటిలో రెండు ముక్కలు చెబుతాను. ఏదైనా లాగి చేయాల్సి ఉంటే, లాగకుండా చేసే దారి కూడా ఇవ్వాలి. నొక్కే గుర్తులు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, 24 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి. రెండిటికీ కొన్ని మినహాయింపులున్నాయి గానీ, ప్రకటన మూసే గుర్తును ఆవగింజంత పెట్టుకోమని వాటిలో ఎక్కడా లేదు.

ఆవగింజ అన్నాను కాబట్టి మీ ఈ-పేపర్ సంగతి కూడా చెప్పేస్తాను, కోపగించుకోకండి. పేజీ తిప్పే గుర్తు దగ్గరికి ట్యాబ్ వెళ్లదు. కుడి బాణపు మీట నొక్కినా పేజీ తిరగదు. మధ్యలో తేలే ప్రకటన మూయడానికి నేను షిఫ్ట్ పట్టుకుని ఎన్ని దెబ్బలు వేశానో లెక్కపెట్టాను, పద్నాలుగు. ఒక పిసరు అటు తగిలితే ప్రకటనే తెరుచుకుంటుంది. మీ ఈ-పేపర్ తయారుచేసేవాళ్లని ఒక్క పూట మౌస్ పక్కన పెట్టి, మొదటి పేజీ నుంచి ఆటల పేజీ దాకా చదవమనండి. ఇంతకన్నా వాళ్లకి నేను చెప్పేదేమీ లేదు.

కంప్యూటర్లు తయారుచేసేవాళ్లతోనూ ఒక పేచీ ఉంది. ల్యాప్‌టాప్‌లు సన్నబడే కొద్దీ నంబర్ ప్యాడ్ ఎగిరిపోతోంది. విండోస్‌లో పై వరుస అంకెలతో గానీ, బాణపు మీటలతో గానీ మౌస్ కీస్ నడవదు, నంబర్ ప్యాడే కావాలి. లేనివాళ్లు యూఎస్‌బీకి తగిలించే విడి నంబర్ ప్యాడ్ పెట్టుకోవచ్చు, అది పనిచేస్తుంది. దాన్ని ఎడమవైపు కూడా పెట్టుకోవచ్చు, అదొక లాభం. ఈ విషయంలో మ్యాక్ నయం. నంబర్ ప్యాడ్ లేకపోతే 7, 8, 9, యు, ఓ, జె, కె, ఎల్ అక్షరాలే దిక్కులవుతాయి. ఐ క్లిక్, ఎం పట్టుకోవడం, చుక్క వదలడం. అది నడుస్తున్నంతసేపూ ఆ అక్షరాలు టైపు చేయలేం, అది వేరే కష్టం. సెట్టింగ్స్‌లో ఒప్పుకుని ఉంటే ఆప్షన్ మీట ఐదుసార్లు నొక్కి ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు. లినక్స్‌లోనూ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మౌస్ కీస్ ఉంటుంది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఒక ఆదివారం మీ చిట్కాల శీర్షికలో నంబర్ ప్యాడ్ బొమ్మ వేసి, ఏ మీట ఏం చేస్తుందో దాని మీదే రాసి, కత్తిరించి తెరకి అంటించుకునేంత పెట్టెలో ప్రచురించండి. మైనస్ నొక్కితే ఏమవుతుందో తప్పకుండా వేయండి, అందరూ అక్కడే పడతారు. దానికి 'వికలాంగుల కోసం' అని శీర్షిక పెట్టకండి. అలా పెడితే, చేతులు బాగున్నవాళ్లు పేజీ తిప్పేస్తారు. నేనైతే తిప్పేసేదాన్ని. మౌస్ బ్యాటరీ అయిపోయినవాళ్లు, మణికట్టు లాగేస్తున్నవాళ్లు, చేయి వణికే పెద్దవాళ్లు, గీత మీద గీత పెట్టే డిజైనర్లు, అందరికీ పనికొచ్చేదే.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక లెక్కల గుమస్తా
(పేరు ప్రచురించవద్దని మనవి)

తా.క.: ఈమధ్య కొన్ని కీబోర్డులకి నమ్ లాక్ దీపం ఉండటం లేదు. అంకెలు పడతాయో బాణం నడుస్తుందో తెలియక ఇబ్బంది పడేవాళ్లు అదే సెట్టింగ్స్‌లో టోగుల్ కీస్ ఆన్ చేసుకోండి. నమ్ లాక్ వేసినప్పుడు ఒక శబ్దం, తీసినప్పుడు ఇంకో శబ్దం వస్తుంది. పక్క సీటువాళ్లకి ముందే చెప్పి పెట్టుకోండి.